దర్జీ పిట్ట నవ్వించిన ఉదయం

రేపల్లెలో సగం ఇళ్ళ గోడల మీద మీరా మొహిద్దీన్ తీసిన పెళ్ళి ఫోటో ఉంటుంది. పెళ్ళికొడుకులకి పొట్టలు వచ్చాయి, పెళ్ళికూతుళ్ళకి మనవలు వచ్చారు, గోడలకి రంగులు మారాయి, ఫోటో మాత్రం మారలేదు. స్టేషన్ రోడ్డులో ఆయన స్టూడియో ఎంత ఇరుకంటే, కుర్చీలో కూర్చున్నవాడు లేచి బయటికి రావాలంటే మీరా ముందు తప్పుకోవాలి. అయినా ఊరు ఊరంతా ఆ కుర్చీలో కూర్చుని లేచిందే. బడిపిల్లలు, పాస్‌పోర్టుల వాళ్ళు, పెళ్ళిచూపులకి ముందు ఫోటో పంపాల్సిన అమ్మాయిలు, తాము పోయాక దండ వేయడానికి మంచి ఫోటో ఒకటి సిద్ధం చేసి పెట్టుకునే ముందుచూపున్న ముసలివాళ్ళు. అలాంటివాడి ఇంట్లో కన్నతల్లి ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు. దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇందులో మీరా అశ్రద్ధ ఏమీ లేదు. వాళ్ళమ్మ హమీదమ్మ తీయనివ్వదు, అంతే.

ఆవిడది నిజాంపట్నం దగ్గర అడవులదీవి. పెళ్ళినాడు మగపెళ్ళివారు సరదాపడి తెనాలి నుంచి ఫోటోలాయన్ని పిలిపించారు. హమీదమ్మ తల్లి ఆయన్ని గౌరవంగా కూర్చోబెట్టి, కడుపునిండా భోజనం పెట్టి, పెట్టె మూత తీయకుండానే తిరుగు బస్సెక్కించింది. అప్పగింతలప్పుడు కూతురితో ఒక మాట అంది. "బొమ్మలో ప్రాణం పోయడం మన వల్ల కాదు. మన వల్ల కాని పని మనకెందుకు? నీ బొమ్మ ఎవరి చేతా తీయించుకోకు." హమీదమ్మ సరేనంది. ఆ మాట మీదే ఉండిపోయింది. ఈ రోజుల్లో అంత పట్టింపు అక్కర్లేదమ్మా, హజ్‌కి వెళ్ళేవాళ్ళు కూడా తీయించుకుంటున్నారు అని తెలిసినవాళ్ళు చెప్పి చూశారు. "వాళ్ళు మంచిపనే చేశారు. నేను మాటిచ్చింది మా అమ్మకి" అనేది ఆవిడ.

మరి ఆధార్ కార్డు మాటేమిటని మీకు అనుమానం రావచ్చు. వచ్చింది, తీశారు. అది ప్రభుత్వం చేసిన తప్పు, నాది కాదు అని ఆవిడ తేల్చేసింది. ఆ కార్డు మీదున్న బూడిదరంగు మనిషి ఎవరో ఆ ప్రభుత్వానికే తెలియాలి. హమీదమ్మ మాత్రం కాదు.

కొడుకు ఫోటోగ్రాఫరవుతానంటే మాత్రం ఆవిడ అడ్డు చెప్పలేదు. తన పట్టింపు తనది, కొడుకు పొట్టకూడు కొడుకుది. కానీ మీరాకి వయసు పెరిగేకొద్దీ మనసులో ఒక ముల్లు తిరగడం మొదలుపెట్టింది. తండ్రి పోయినప్పుడు తను తీసిన ఫోటో చూసుకుని ఏడ్చుకున్నాడు. రేపు తల్లి విషయంలో ఆ మాత్రం ఆసరా కూడా ఉండదు. ఊరందరి మొహాలూ దాచిపెట్టినవాడికి సొంత తల్లి మొహం మిగలదు. ప్రతి రంజాన్‌కీ కొత్తచీర చేతిలో పెట్టి, "అమ్మా, ఒక్కటి" అనేవాడు. "చీర బావుందిరా" అనేది ఆవిడ.

ఇదిలా ఉండగా కరోనా వచ్చింది. పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. తర్వాత పెళ్ళిళ్ళు తిరిగొచ్చాయి గానీ వాటితో డ్రోన్లూ వచ్చాయి, పెద్ద ఊళ్ళ కుర్రాళ్ళూ వచ్చారు. మీరా చేతికి పాస్‌పోర్టు ఫోటోలు మిగిలాయి. కెమెరా వాడకుండా పెట్టెలో ఉంచితే లెన్సుకి బూజు పడుతుంది. మనిషికీ పడుతుంది, కాకపోతే పైకి కనబడదు. బాపట్లలో జాన్ బాబు అని, పెళ్ళిళ్ళలో ఆయనతో కలిసి ఫోటోలు తీసిన స్నేహితుడు ఒకడున్నాడు. మీరా పరిస్థితి చూసి, తన దగ్గర ఊరికే పడున్న పొడుగాటి లెన్సు ఒకటి తెచ్చిచ్చాడు. "దూరం నుంచి పిట్టల్ని తీసుకో అన్నా. పిట్టలు ఆల్బమ్ లేటైందని గొడవ చెయ్యవు" అన్నాడు.

వాళ్ళ ఇల్లు రైసుమిల్లు వెనక వీధిలో ఉంటుంది. పెరట్లో ఒక జామ చెట్టు, ఒక మునగ చెట్టు, అంజూర చెట్టు ఒకటి, గుడ్డలుతికే బండ, బోరింగు పంపు. ఇంత పెరట్లో పిట్టలేం ఉంటాయని మీరా అనుకున్నాడు. ఉన్నాయి, కానీ ఆయన కోసం లేవు. లెన్సు పట్టుకుని గుమ్మం దాటితే చాలు, పిచ్చుకలు మిల్లు వైపు, గోరింకలు పక్కింటి వైపు లేచిపోయేవి. ముప్పయ్యేళ్ళుగా "ఇటు చూడండి, గడ్డం కొంచెం ఎత్తండి, నవ్వండి" అంటే నవ్విన జనాన్ని చూసినవాడికి ఇది తలకొట్టేసినట్టయింది. కాకి ఒక్కటే కదలకుండా కూర్చునేది. దాన్ని తీసి తీసి ఆయనకే విసుగొచ్చింది.

విచిత్రమేమిటంటే, ఆయన ఓడిపోయి లోపలికి రాగానే హమీదమ్మ చేటలో నూకలు పోసుకుని పెరట్లోకి వెళ్ళేది. వెళ్ళి జామ చెట్టు కింద పీట మీద కూర్చునేదో లేదో, ఎక్కడెక్కడి పిట్టలూ వచ్చి వాలేవి. పిచ్చుకలు ఆవిడ చెప్పుల పక్కనే గెంతేవి. గువ్వల జంట నింపాదిగా నడుచుకుంటూ వచ్చేది. బోరింగు మీద లకుముకి పిట్ట కూర్చునేది. మీరా వంటింటి కిటికీలోంచి చూసి నీరుకారిపోయాడు. ఆయన భార్య పర్వీన్ పక్కనే నిలబడి చపాతీపిండి కలుపుతూ, "మీరు అరవై మంది చుట్టాల్ని వరసలో నిలబెట్టగలరు గానీ ఒక్క పిట్టని నిలబెట్టలేకపోయారు" అంది.

చివరికి మీరా తల్లితో ఒప్పందం చేసుకున్నాడు.

"నువ్వు రోజూ కూర్చునే చోటే కూర్చో అమ్మా. నేను స్నానాలగది గోడ చాటున ఉంటాను. నీ దగ్గరికొచ్చే పిట్టల్ని తీసుకుంటాను."

"నా వంక తిప్పవుగా?"

"తిప్పను."

"మాట?"

"మాటిచ్చానమ్మా."

అలా మొదలైంది. రోజూ పొద్దున చాయ్ తాగి తల్లి పీట మీద, కొడుకు గోడ చాటున. ఒక మనిషి చుట్టూ వాలిన పిట్టల్ని తీస్తూ ఆ మనిషి పడకుండా తీయడం ఎంత కష్టమో చెయ్యి కాల్చుకున్నవాడికే తెలుస్తుంది. పిచ్చుక బ్రహ్మాండంగా పడేది, దాని వెనక హమీదమ్మ చీర అంచు పడేది. గువ్వ పడేది, పక్కన ఆవిడ బొటనవేలు పడేది. మీరా స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని ఆ అంచుల్ని, ఆ వేళ్ళని కత్తిరించేవాడు. తల్లి ఫోటో కోసం ఏళ్ళ తరబడి బతిమాలినవాడు, వచ్చిన ముక్కల్ని తన చేత్తోనే తీసి పారేసేవాడు. మాటంటే మాటే.

హమీదమ్మకి ఈ పని మీద రాను రాను సరదా పుట్టింది. ఆవిడ పెట్టిన పేర్లు వేరే. గుంపుగా వచ్చి దేనికో దానికి తగువు పెట్టుకుని, తిని, అరుచుకుంటూ పోయే బూడిదరంగు పిట్టల్ని పెళ్ళివారు అనేది. తలెత్తి గొంతు సవరించుకునే జెముడుకాకిని మాస్టారు అనేది. అప్పటికే ఆవిడ కళ్ళకి శుక్లాలు కమ్మాయి. పిట్టల్ని చూడ్డం మానేసి చాలా కాలమైంది, గొంతు విని పోల్చేది. "మీరా, పెళ్ళివారు దిగారు, సిద్ధంగా ఉండు" అని గోడ వైపు కేకేసేది. నూకలు చల్లడం అయ్యాక పాతచీరలు పరుచుకుని బొంత కుట్టేది. సూదిలో దారం పర్వీన్ ఎక్కించి పెట్టేది, కుట్టు చేతి తడుములాట మీద నడిచేది. అయినా వంకర పోయేది కాదు.

పోయినేడు వేసవి చివర్లో, అంజూర చెట్టులో ఒక దర్జీ పిట్ట ఆకుల్ని కలిపి కుట్టి గూడు మొదలుపెట్టింది. బొటనవేలంత పిట్ట, దాని గొంతు మాత్రం పెరడంతా. ఆకుపచ్చ వీపు, ఇటుకరంగు నెత్తి. దాన్ని ఫోటో తీయాలని మీరా పడని పాట్లు లేవు, ఒక్కచోట నిలిస్తేగా. ఆ ఉదయం హమీదమ్మ బొంత కుడుతుంటే అది దిగి దిగి వచ్చి ఏకంగా ఆవిడ మోకాలి మీద వాలింది. బొంతలోంచి పైకొచ్చిన తెల్లదారం కొసని ముక్కుతో పట్టుకుని లాగింది. రాలేదు. కాళ్ళు తన్నిపెట్టి మళ్ళీ లాగింది. అవతలి కొస హమీదమ్మ సూదిలో ఉంది మరి.

హమీదమ్మకి దారం బిగిసింది తెలిసింది, దగ్గర్లో ఆ గొంతూ తెలిసింది. "ఏంటే, నువ్వూ బొంత మొదలుపెట్టావా? తీసుకో, తీసుకో. మిగిలితే తెచ్చియ్యి" అని నవ్వేసింది.

తిరిగే కాలూ, తిట్టే నోరూ ఊరుకోవంటారు. పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు వేలు కూడా ఆ జాతిదే. తలంబ్రాలు పోసేటప్పుడు పెళ్ళికూతురు నవ్వేది రెప్పపాటు, దువా అయ్యాక పెళ్ళికొడుకు తండ్రి నవ్వేది అంతకన్నా తక్కువ. ఆలోచించి నొక్కేవాడికి అవి దొరకవు. నవ్వు కనబడితే నొక్కేయడం, తర్వాత ఆలోచించుకోవడం. ఆ విద్యతోనే మీరా ఇన్నాళ్ళు బతికాడు. పిట్ట కోసం గురిపెట్టిన లెన్సులో తల్లి నవ్వు కనబడింది, వేలు నొక్కేసింది. పిట్ట ఎగిరిపోయాక గానీ తనేం చేశాడో ఆయనకి అర్థం కాలేదు.

కెమెరా వెనక తెరలో చూసుకున్నాడు. పిట్ట వెనక్కి వాలి దారం లాగుతోంది. దాని పైన, తల మీదుగా చెంగు కప్పుకున్న తల్లి మొహం, పొద్దుటి ఎండలో, పళ్ళు లేని నోటితో ఒక పక్కకి లాగి నవ్వుతూ. ఆయన జన్మలో తీసిన ఫోటోలన్నిటిలోకీ గొప్పది అదే. తీయనని మాటిచ్చినదీ అదే.

అప్పటికప్పుడే చెరిపేస్తే సరిపోయేది. చెరిపేయడానికి మనసు రాలేదు. చెప్పేయడానికి నోరు రాలేదు. తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. ఆ తర్వాత పొద్దున్నే గోడ చాటున కూర్చోవడం కూడా తగ్గించేశాడు. తల్లి "ఏంటిరా, పిట్టలతో తగువా?" అంటే, స్టూడియోలో పనుందనేవాడు. స్టూడియోలో పనేం లేదు. తలుపు దగ్గరగా వేసుకుని ఆ ఫోటో చూసుకునేవాడు. చూసినంతసేపూ సంతోషం, కెమెరా కట్టేయగానే దొంగసొమ్ము తిన్నట్టుండేది.

ఉండబట్టలేక బాపట్ల వెళ్ళి జాన్ బాబుకి చూపించాడు. జాన్ బాబు దాన్ని పెద్దది చేసి మూలమూలా చూశాడు. తర్వాత, ఫోటోగ్రాఫర్ల సంఘం వాళ్ళు ఆగస్టులో పెట్టే ప్రదర్శనకి ఇది పంపితే మిగతావాళ్ళు తమవి వెనక్కి తీసుకెళ్ళిపోతారన్నాడు.

"అమ్మకి తెలియకుండా తీశాను తమ్ముడూ."

"పెద్దావిడకి కళ్ళు కనపడవన్నావుగా. ఎలా తెలుస్తుంది?"

ఆ మాటకి మీరాకి చురుక్కుమంది. తల్లి కళ్ళు కనపడకపోవడం తనకి కలిసొచ్చిందని ఇంకొకడి నోట వినేదాకా ఆయనకి తట్టలేదు. అన్నం కూడా తినకుండా వచ్చేశాడు. ఇంట్లో పర్వీన్‌కి చెప్పుకున్నాడు. ఆవిడ ఫోటో చూసి కళ్ళు తుడుచుకుంది. "ప్రదర్శనా వద్దు, ఏమీ వద్దు. ఎక్కడో చోట దాచండి. అత్తమ్మ పోయాక మనకుంటుంది" అంది. మంచి మనసుతోనే అంది. అయినా మీరా మనసు ఒప్పలేదు. తల్లి బతికుండగా తల్లి దగ్గర దాచేది, తల్లి పోయాక తల్లిని తలుచుకోవడానికి పనికొస్తుందా? చూసినప్పుడల్లా గుర్తొచ్చేది ఆవిడ నవ్వు కాదు, తన అబద్ధం. చెబితే ఫోటో పోతుంది, చెప్పకపోతే ఫోటో మిగిలి తల్లికీ తనకీ మధ్య మాట పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వానలు పడ్డాక హమీదమ్మని తెనాలి తీసుకెళ్ళి కళ్ళ ఆపరేషన్ చేయించారు. రైల్లో వస్తున్నంతసేపూ నల్లకళ్ళద్దాల్లోంచి కిటికీ బయటికి చూస్తూ, వరినాట్లు ఎక్కడిదాకా వచ్చాయో చెబుతూ వచ్చింది. కట్లూ చుక్కల మందులూ అయ్యి, కొత్త కళ్ళద్దాలు పెట్టాక ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. గోడకి సున్నం ఎప్పుడేశారంది. గిన్నెల అడుగులు చూసి మొహం చిట్లించింది. పర్వీన్‌ని దగ్గరికి పిలిచి చూసి, "ఇంత చిక్కిపోయావేంటమ్మా, ఎవరూ చెప్పలేదు నాకు" అంది. పర్వీన్ ఆ ఒక్కమాటకి గిన్నెల సంగతి మర్చిపోయింది.

ఆ తర్వాతి ఉదయం హమీదమ్మ జామ చెట్టు కింద కూర్చుని కొడుకుని పిలిచింది. "ఇన్నేళ్ళూ తీశావుగా. నా పిట్టల్ని చూపించు."

మీరా కెమెరా తెచ్చి పక్కన కూర్చున్నాడు. కావాలంటే ఆ ఒక్కదాన్ని దాటేయొచ్చు, కెమెరాలో మెమరీ కార్డు మార్చి తేవచ్చు, వంద దారులున్నాయి. ఆయన అదే కార్డుతో వచ్చాడు. ఒక్కొక్కటీ చూపిస్తుంటే ఆవిడ చిన్నపిల్ల అయిపోయింది. గొంతుతో తప్ప ఎరగని పిట్టలకి మొహాలు దొరుకుతున్నాయి. మాస్టారి కళ్ళు ఎర్రగా ఉంటాయా అని ఆశ్చర్యపోయింది. పెళ్ళివారి మొహాలు చూసి, అనుకున్నాను ఇలాగే ఉంటారని అంది. అంజూర చెట్టు వచ్చింది, గూడు వచ్చింది. మీరా బొటనవేలు ఆగిపోయింది.

"ఏంటి, అయిపోయాయా?"

"లేదమ్మా. తర్వాతది నీది." ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "దర్జీ పిట్ట నీ మోకాలి మీద వాలింది. నువ్వు నవ్వావు. నొక్కేశాను. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు."

హమీదమ్మ కొడుకు వంక చూసింది. ఆ చూపులో కోపం కన్నా కష్టం ఎక్కువుంది. "చెరిపెయ్యి" అంది.

మీరా ఆ ఫోటో తెర మీదికి తెచ్చి, చెరిపే బటన్ నొక్కాడు. నిజంగానేనా అని కెమెరా అడిగింది. అవునని నొక్కాలి. వేలు దాని మీద పెట్టాడు. ఊళ్ళో తల్లులందరి ఫోటోలూ తీశాడు, సొంత తల్లిది ఇక ఉండదని తెలిసి కళ్ళు మసకబారాయి.

"ఆగు" అంది హమీదమ్మ. "ఏం చెరుపుతున్నామో చూడాలిగా. ఇలా ఇవ్వు."

కెమెరా తీసుకుని మొహం దగ్గర పెట్టుకుంది. కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. వేలితో ఆ మొహాన్ని తాకబోయి ఆగింది.

"మా అమ్మ" అంది.

మీరాకి అర్థం కాలేదు. "నువ్వేనమ్మా అది."

"ఒరే, మా అమ్మని నాకు చెబుతావా? ఇదిగో, నోరు ఇలా ఒక పక్కకి లాగి నవ్వేది. ఇదిగో ఈ మడత, ఇక్కడ."

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటేడు పోయింది హమీదమ్మ తల్లి. అప్పటికి హమీదమ్మ చంకన పిల్లల్ని వేసుకున్న ఇల్లాలు. తల్లి గొంతు గుర్తుంది, చేతి గాజులు గుర్తున్నాయి, నిజాంపట్నం బస్సు దగ్గరికొచ్చి నిలబడ్డ తీరు గుర్తుంది. మొహం మాత్రం ఎప్పుడు జారిపోయిందో జారిపోయింది. గుర్తు చేసుకుందామంటే బొమ్మ లేదు. కన్నతల్లి మొహం మర్చిపోయానని ఎవరితో చెప్పుకుంటుంది? ఎవరితోనూ చెప్పుకోలేదు. తన మొహంలోనే ఉందని ఆవిడకెలా తెలుస్తుంది? అద్దం ముందు నిలబడి ఎవరూ నవ్వుకోరుగా.

కెమెరా కాసేపటికి దానంతటదే ఆరిపోయింది. "పోయిందా? మీరా, చెరిగిపోయిందా?" అంది హమీదమ్మ. ఆవిడ గొంతులో అంత భయం మీరా ఎన్నడూ వినలేదు. ఒక బటన్ నొక్కితే మళ్ళీ వచ్చింది. ఆవిడ ఊపిరి పీల్చుకుని, కెమెరాని ఒళ్ళో పెట్టుకుని, వచ్చిన పిట్టల వంక కూడా చూడకుండా కూర్చుంది.

ఎండ పీట దాకా వచ్చాక మీరా మెల్లిగా అడిగాడు. "చెరిపెయ్యనా అమ్మా?"

"పిచ్చెక్కిందా నీకు? నా బొమ్మైతే చెరపమన్నాను. ఇది నాది కాదుగా. మా అమ్మ బొమ్మ చెరపడానికి నేనెవర్ని, నువ్వెవరివి?" కెమెరా చేతికిచ్చి, "మాట తప్పావు. దాని సంగతి తర్వాత చెబుతాను" అంది. ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు.

మీరా ఆ ఫోటో ప్రింటు తీసి తెచ్చాడు. గోడకి పెట్టొద్దంది హమీదమ్మ. తన ట్రంకుపెట్టెలో, నిఖా నాటి చీర మడతలో పెట్టుకుంది. మనసైనప్పుడు తీసి పర్వీన్‌కి చూపిస్తుంది. పర్వీన్ ఫోటోనీ, అత్తగారినీ మార్చి మార్చి చూసి, "ఎంత బావుండేవారో అత్తమ్మా" అంటుంది. ఏళ్ళ తరబడి తల్లి ఫోటో కోసం కలవరించినవాడి ఇంట్లో ఇప్పుడు ఆ ఫోటో ఉంది, కానీ అది తల్లిదని పైకి అనడానికి లేదు. ఆ ఒక్క షరతు మీదే అది బతికింది. అందుకని పెట్టె తెరిచినప్పుడల్లా హమీదమ్మ కొడుకుని కేకేసి, ఫోటో చేతికిచ్చి, కళ్ళద్దాల పైనుంచి చూస్తూ అడుగుతుంది.

"ఎవరిదిరా ఇది?"

"అమ్మమ్మదమ్మా" అంటాడు మీరా, ఆ నవ్వు వంక చూస్తూ.